మంచు కరిగే వేళ ట్రౌట్ వేట

హిమాచల్ ప్రదేశ్‌లోని కులు జిల్లాలో ప్రవహించే తీర్థన్ నదిని ఉదాహరణగా తీసుకుందాం. ఇందులోని బ్రౌన్ ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ పాలనాకాలంలో తెచ్చి వదిలారు. చల్లని నీరే దీనికి ప్రాణాధారం. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టం వద్ద 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు కరిగితే, 20 డిగ్రీల వద్ద 9 మాత్రమే కరుగుతుంది.

ఈ వేటలో గాలానికి ఎర గుచ్చరు. ఈకలు, దారంతో పురుగు ఆకారాన్ని కడతారు. దీనినే ‘ఫ్లై’ అంటారు. ఇది చాలా తేలిక. విసిరినప్పుడు దీనిని ముందుకు మోసుకుపోయేది బరువైన గాలపు తాడే.

వేసవి ఆరంభంలో పగటి ఎండకు ఎగువన మంచు కరిగి, సాయంత్రానికి నీరు పెరిగి మసకబారుతుంది. అప్పుడు చేపకు ఫ్లై సరిగా కనబడదు. రాత్రి చలికి మంచు కరగడం తగ్గుతుంది కాబట్టి ఉదయం నీరు తేటగా ఉంటుంది. వేటకు అదే అనువైన సమయం.

మత్స్యశాఖ లైసెన్సు తప్పనిసరి అని గుర్తుంచుకోండి. తిరిగి వదిలే చేపను తడి చేతులతోనే పట్టుకోండి; పొడి చేయి దాని ఒంటిమీది జిగురుపొరను చెరుపుతుంది.

ఆలోచించండి: నది వేడెక్కితే ట్రౌట్ చల్లదనం కోసం ఎగువకు పోతుంది. కానీ ఎగువన నది సన్నబడుతుంది. ఆ తర్వాత అది ఎక్కడికి పోవాలి?