తిరిగొచ్చిన కవరు మీద రాత

వారాసిగూడ సందుల్లో ఉత్తరం అందాల్సినవాళ్లకి అందకపోతే పోస్ట్‌మ్యాన్ దాన్ని ఊరికే వెనక్కి పంపడు. కవరు మీద ఒక ముక్క గీకుతాడు: తలుపు తాళం, ఇల్లు మారారు, తీసుకోం అన్నారు, చిరునామా చాలదు. తర్వాత ఏం చెయ్యాలో పంపినవాడికి చెప్పేది ఆ ముక్కే. తాళమైతే మళ్లీ పంపొచ్చు. ఇల్లు మారితే ఎన్నిసార్లు పంపినా దండగ.

ఇవే సందుల్లో గదులు తీసుకుని, పగలు ఉస్మానియా క్యాంపస్‌లో, సాయంత్రం అమీర్‌పేట కోచింగుల్లో జావా నేర్చుకున్న కుర్రాళ్లకు ఆ ముక్క ఇంకో పేరుతో తెలుసు. ఎక్సెప్షన్.

అది పుట్టకముందు, చెప్పిన పని చెడితే ఫంక్షన్ ఒక అంకె తిరిగిచ్చేది. ఆ అంకె చూడటం మరిచిపోతే ప్రోగ్రాం ఏమీ జరగనట్టే ముందుకు పోయేది. 1960లలో ఐబీఎం వారి పీఎల్/వన్ భాష, ఫలానా ఆపద వస్తే ఫలానా పని చెయ్యమని ముందే రాసిపెట్టుకునే వీలు తెచ్చింది. 1970లలో ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం తయారుచేసిన క్లూ భాషలో ఎక్సెప్షన్ తనతో వివరాలు కూడా మోసుకుపోయేది. దొరకలేదనే కబురుతో పాటు ఏది దొరకలేదో కూడా చెప్పేది. నా లెక్కలో అసలు పుట్టుక అదే. 1983 నాటి అడా భాషలో మాత్రం ఎక్సెప్షన్‌కు పేరే తప్ప కడుపులో ఏమీ లేదు. దానికి సందేశం జోడించే వీలు అడా 95 దాకా రాలేదు.

1996 జూన్ 4న, మన ఇన్సాట్లు కొన్ని ఎగిరిన కౌరూ నుంచే, ఏరియన్-5 రాకెట్ మొదటిసారి లేచింది. దాని దిశ చూసే పరికరంలో ఉన్నది ఏరియన్-4 నుంచి తెచ్చిన అడా ప్రోగ్రాం. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల నుంచి 16 బిట్లలోకి కుదించాలి. అందులో పట్టే పెద్ద సంఖ్య 32,767. కొత్త రాకెట్ జోరు ఎక్కువ, విలువ పట్టలేదు, ఎక్సెప్షన్ లేచింది. దాన్ని అక్కడే పట్టుకునే కోడ్ లేదు. నేల వదిలాక ఆ లెక్కతో ఏరియన్-5కి పనే లేదు, అయినా నడుస్తూనే ఉంది. ముందు స్టాండ్‌బై పరికరం, రెప్పపాటులో అసలుది ఆగిపోయాయి. రెండింట్లోనూ ఒకటే ప్రోగ్రాం, ఇంక తోడెందుకు?

చిత్రమంతా ఆ తర్వాతే. పరికరం పడిపోతూ కూడా తన రోగం వివరాలు పంపింది. ప్రధాన కంప్యూటర్ ఆ బిట్లను రాకెట్ వాలు కొలతలనుకుంది. లేని వంకరను సరిచేయబోయి నాజిళ్లను చివరికంటా తిప్పేసింది. 40 సెకన్లయినా కాకముందే, దాదాపు నాలుగు కిలోమీటర్ల ఎత్తులో, రాకెట్ విరిగి తనను తాను పేల్చేసుకుంది. వివరం పంపారు, చేరింది కూడా. చదివినవాడికి అది వివరమని తెలియలేదు.

భూమ్మీది ప్రోగ్రాముల్లో తంటా వేరు. డేటాబేస్‌లో లేచిన ఎక్సెప్షన్‌ను పై అంచె పట్టుకుని 'పని కాలేదు' అని కొత్త కవరులో పెట్టి పైకి తోస్తుంది. పాత కవరు చెత్తబుట్టలో. 2002లో జావా 1.4 వచ్చాక పాతదాన్ని కొత్తదాని లోపలే ఉంచే పద్ధతి కుదిరింది. అయినా ఎక్సెప్షన్‌ను పట్టుకునే క్యాచ్ రాసి లోపల ఖాళీగా వదిలేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లది కవరునే నమిలి మింగే రకం. దీనికి తిరగేసినది, బిల్లు కట్టడానికొచ్చిన మనిషి తెర మీద టేబుళ్ల పేర్లతో సహా లోగుట్టంతా పరిచేయడం. అది దొంగకు ఇంటి ప్లాను ఇచ్చినట్టే.

2022లో వచ్చిన పైథాన్ 3.11లో ఎక్సెప్షన్‌కు నోట్ అంటించవచ్చు. అది పైకి పోతుంటే దారిలో ప్రతి అంచె తన ముక్క చేర్చగలదు: ఏ ఫైలు, ఎన్నో వరుస, ఎన్నో ప్రయత్నం. కవరు మీద తలుపు తాళం అని రాసి, కింద వెళ్లిన తేదీలు వేసినట్టు.