చదవలేని కాగితంపై సంతకం ఇంకెన్నాళ్లు?
కాలేజీలోనే విదేశీ భాష నేర్చుకుంటే మేలు

(మా గ్రామీణ విలేఖరి)

జగిత్యాల: బతుకుతెరువు కోసం దేశం దాటడం మన జిల్లాకు కొత్త కాదు. దుబాయి, సౌదీ, మస్కట్, కువైట్ పేర్లు ఇక్కడి పల్లెల్లో పక్క మండలం పేర్లంత పరిచయం. ఏళ్ల తరబడి అక్కడ పనిచేసి వచ్చినవారికి ‘తాల్’ అంటే రా అని, ‘రూహ్’ అంటే పో అని తెలుసు. అరబ్బీలో రాసిన కాగితం చేతికిస్తే మాత్రం అందులో ఏముందో తెలియదు. చిక్కంతా అక్కడే వస్తోంది.

సౌదీ అరేబియా కార్మిక చట్టం ప్రకారం పని ఒప్పందం అరబ్బీలో ఉండాలి. దానితోపాటు మరో భాషలో ప్రతి ఉన్నా, రెంటికీ తేడా వస్తే అరబ్బీ ప్రతిలో ఉన్నదే చెల్లుతుంది. అంటే ఇక్కడ ఏజెంటు చూపిన ఇంగ్లీషు కాగితంలో ఒక జీతం, అక్కడి అరబ్బీ కాగితంలో మరో జీతం ఉంటే కార్మికునికి దక్కేది రెండోదే. ఊరికి ఒక్కరైనా ఆ భాష చదవగలవారుంటే సంతకానికి ముందే మోసం బయటపడుతుంది.

తెలిసిన మాటలే

అరబ్బీ అనగానే మనది కాదని భయపడనక్కరలేదు. రైతు, జిల్లా, తాలూకా, ఖరీఫ్, రబీ, వకీలు, జవాబు, కలం - మనం రోజూ వాడే ఈ మాటలన్నీ అరబ్బీ మూలం నుంచి ఉర్దూ, ఫారసీల మీదుగా తెలుగులోకి వచ్చినవే. అక్షరాలు ఇరవై ఎనిమిది. కుడి నుంచి ఎడమకు రాస్తారు. ఉర్దూ లిపి వచ్చినవారికి సగం పని అయిపోయినట్లే.

ఎక్కడ చదవాలి?

విదేశీ భాషను ప్రధానాంశంగా తీసుకుని డిగ్రీ చేయవచ్చునన్న సంగతే పల్లెల్లో చాలామందికి తెలియదు. ఇంటర్ అయితే ఇంజనీరింగు, లేకుంటే డిగ్రీలో కంప్యూటర్లు అనే మాటే వినిపిస్తుంది. హైదరాబాద్‌లోని తార్నాకలో ఇందుకోసమే ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. 1958లో ఇంగ్లీషు బోధనా సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను పేరులో చేర్చుకుని, 2007లో విశ్వవిద్యాలయమైన ‘ఇఫ్లూ’ అది. అరబ్బీ, ఫ్రెంచి, జర్మన్, జపనీస్, రష్యన్, స్పానిష్ భాషల్లో అక్కడ బి.ఏ. ఆనర్సు చదువు ఉంది. ఆ భాష ముందే వచ్చి ఉండాలన్న నియమం లేదు. మొదటి ఏడాది అక్షరాలతోనే పాఠం మొదలవుతుంది.

జర్మనీకి నర్సులు, జపాన్‌కు పనివారు

వృద్ధుల సంఖ్య పెరిగిన జర్మనీ, జపాన్ దేశాలు ఇప్పుడు బయటి నుంచి పనివారిని పిలుస్తున్నాయి. నర్సింగు చదివిన మన ఆడపిల్లలకు ఇది మంచి అవకాశం. అయితే నర్సింగు సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. జర్మన్ భాషకు ఎ1 మొదలు సి2 వరకు ఆరు మెట్లున్నాయి. నర్సుగా గుర్తింపు పొందాలంటే సాధారణంగా నాలుగో మెట్టు, అంటే బి2 దాటాలి. అక్షరాల నుంచి అక్కడికి చేరడానికి శ్రద్ధగా చదివినా సుమారు ఏడాది పడుతుంది. రోగి ఎక్కడ నొప్పి అంటున్నాడో, డాక్టరు ఎంత మోతాదు ఇమ్మన్నాడో పొరపాటు లేకుండా అర్థం కావాలి గనుక ఈ నియమం.

జపాన్ 2019లో ప్రత్యేక నైపుణ్య కార్మికుల పద్ధతిని ప్రారంభించింది. 2021 జనవరిలో భారతదేశంతో ఒప్పందం కుదుర్చుకుంది. ఆ వీసాకు పని పరీక్షతోపాటు జపనీస్‌లో ఎన్4 స్థాయి, లేదా దానికి సమానమైన పరీక్ష నెగ్గాలి.

తెలుగువారికి ఏది సులువు?

జపనీస్ వాక్యం తెలుగు వాక్యం నడిచినట్లే నడుస్తుంది. ‘నేను అన్నం తింటాను’ అనడానికి వారు ‘వతాషి వ గోహన్ ఒ తబెమాసు’ అంటారు. కర్త, కర్మ, చివర క్రియ. ఒక్క మాట కూడా అటూ ఇటూ కాలేదు. కష్టమంతా రాతలో ఉంది. రెండు అక్షరమాలలు కాక, నిత్యవాడుకకు నిర్ణయించిన చైనా గుర్తులే 2,136 ఉన్నాయి.

జర్మన్‌లో లిపి తేలిక, లింగాలు కష్టం. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, అమ్మాయి నపుంసకం! వింతగా తోచినా, మనమూ ‘అమ్మాయి వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని ఒకే క్రియ వాడుతున్నాం కదా.

తొందరపడితే నష్టం

మూడు నెలల్లో భాష, ఆరో నెలలో విమానం అనే ప్రకటనలను నమ్మి అప్పులు చేయరాదు. భాష నేర్పే సంస్థకు మనుషులను విదేశాలకు పంపే అధికారం ఉండదు. అందుకు 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. డబ్బు కట్టేముందు ఆ నంబరు అడిగి సరిచూసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’ జర్మనీ, జపాన్ ఉద్యోగాలకు భాషా శిక్షణ ఇప్పిస్తున్నందున ముందుగా అక్కడ విచారించడం మంచిది.

ఇంటర్‌లో ఫ్రెంచి, అరబ్బీలను రెండో భాషగా తీసుకునే వీలుంది. కాని ఆ సౌకర్యం పట్నపు కాలేజీలకే దక్కుతోంది. మన పిల్లలు చాలామంది మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, పరీక్ష కాగానే మరచిపోతున్నారు. మార్కుల కోసం చదివిన భాష నోటికి రాదు, నోటికి రాని భాష పొరుగు దేశంలో అన్నం పెట్టదు.

వంగరలో పెరిగి, 1957 నుంచి 1977 వరకు మంథనికి శాసనసభ్యుడిగా ఉండి, తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు స్పానిష్ సహా పలు భాషలు నేర్చినవారే. పల్లెలో పుట్టినవారికి పరభాష రాదనడం సరికాదు. పిల్లలు వలస పోయే జిల్లా కేంద్రాల్లో ఒక్కొక్క ప్రభుత్వ కళాశాలలోనైనా అరబ్బీ, జర్మన్ తరగతులు సాయంత్రం వేళ పెట్టించాలి. అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించాలి. తల్లిదండ్రులు కూడా వీసాకు చేసే అప్పులో పదోవంతు ముందుగా చదువు మీద పెడితే, సంతకం పెట్టే బిడ్డకు తాను దేనికి ఒప్పుకుంటున్నాడో తెలుస్తుంది.