గుంతలో మనిషిని దింపబోవు ముందు

2018 ఫిబ్రవరిలో పలమనేరు మండలము మొరం గ్రామము వద్ద ఒక కోళ్ల పరిశ్రమలో సెప్టిక్ ట్యాంకు శుభ్రము చేయబోయి ఏడుగురు మరణించిరి. ముందు దిగినవారు పడిపోగా, వారిని పైకి తీయబోయి దిగినవారును చనిపోయిరి.

రైతు సోదరులారా! మీ ఇంటను సెప్టిక్ ట్యాంకో, గోబరు గ్యాసు తొట్టియో, పాడుబడిన బావియో ఉండవచ్చును. కుళ్లిన మురుగునుండి విషవాయువు పుట్టును. మొదట కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టును. వాయువు మిక్కుటమైనచో ముక్కు మొద్దుబారి ఆ వాసనయే తెలియదు. వాసన లేదు గదా యని దిగిన మనిషి రెండు మూడు శ్వాసలలోనే కూలిపోవచ్చును. పాత బావి అడుగున గాలికంటె బరువైన బొగ్గుపులుసు వాయువు నిలిచియుండును. మన పెద్దలు బావిలో దీపము దింపి చూచెడివారు. ట్యాంకులోను, గోబరు తొట్టిలోను ఆ పని చేయరాదు. అందలి గ్యాసు భగ్గుమని అంటుకొనును.

రక్షణ సామగ్రి లేకుండ మనిషిని సెప్టిక్ ట్యాంకులో దింపుట 2013 చట్టము ప్రకారము నేరము. ఇంటి యజమానికిని ఇది వర్తించును. పనిచోట భద్రతకై 2020లో చేసిన జాతీయ స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. కాని అది సాధారణముగా పదిమంది, అంతకు మించి పనివారున్న చోట్లకే. మీ బావివద్ద ఇద్దరు కూలీలే ఉందురు. అచ్చటికి తనిఖీ అధికారి రాడు; వద్దని చెప్పవలసినది మీరే.

ట్యాంకును యంత్రముతోనే తోడించవలెను. ఎవరైన లోపల పడిపోయినచో, సొంత తమ్ముడైనను, వెంట దిగరాదు. ఇది చెప్పినంత సులభము కాదు. వెంటనే 101కు, 108కి ఫోను చేయవలెను. గ్రామోద్యోగులు ఈ రెండు నంబర్లను పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.