మధ్యవర్తిత్వమునకు పీఠ మెచ్చట?

ఒకప్పుడు అమరచింత సంస్థానమునకు రాజధానియై, 2016 అక్టోబరునుండి వనపర్తి జిల్లాలో చేరియున్న ఆత్మకూరు ప్రాంతమున తగాదా తీర్చుట యనగా రచ్చబండ కడ నలుగురు పెద్దలు కూర్చుండుటయే. పెద్దలు కూర్చున్నచోటనే న్యాయము. ఆ తలంపుతోనే మన రైతులును వర్తకులును నేటి అచ్చు ఒప్పందములపై చేవ్రాలు చేయుచున్నారు. విత్తన ప్రత్తికి కుదురుకొన్నవారు, ట్రాక్టరుకై అప్పు తెచ్చినవారు, కాంట్రాక్టు పనులు పట్టినవారు తమ కాగితముల చివరి పుట చూచుకొందురు గాక. వివాదము మధ్యవర్తికి నివేదింపబడుననియు, పీఠము ముంబయి యనియో చెన్నై యనియో అందొక చిన్న వాక్య ముండవచ్చును.

పీఠమనగా మధ్యవర్తి కూర్చుండు గది కాదు. 1996 నాటి చట్టపు 20వ సెక్షను ప్రకారము దానిని ఉభయపక్షములు నిర్ణయించుకొనవచ్చును. లేనిచో మధ్యవర్తి నిర్ణయించును. సాక్షులను విచారించుటకు, చేను చూచుటకు ఆయన ఆత్మకూరునకే రావచ్చును. అంతమాత్రమున పీఠము కదలదు. తీర్పును రద్దుచేయు అధికారము పీఠముగల చోటి కోర్టులదే. 2017లో ఇండస్ మొబైల్ వ్యాజ్యమున సరకు ఢిల్లీనుండి చెన్నైకి పోయినది. అయినను కాగితమున ముంబయి పీఠమని యున్నందున ముంబయి కోర్టులకే అధికారము గలదని సుప్రీముకోర్టు చెప్పినది. 2019లో బి.జి.ఎస్. సోమా వ్యాజ్యమున మరియొక యడుగు వేసి, ఒప్పందమున 'విచారణ స్థలము' అని మాత్రమే యున్నను, విరుద్ధ సూచన లేనిచో అదియే పీఠమగునని తేల్చినది.

మధ్యవర్తిత్వమును మేము నిందింపము. కోర్టుల జాప్య మెరిగిన వారెవ్వరును నిందింపజాలరు. మా బాధ వేరు. తీర్పు రద్దునకై రైతు మూడు నెలలలో ముంబయికి పోవలెను. తగిన కారణము చూపినచో మరి ముప్పది దినములు. ఆపైని ఒక్క దినమును లేదు. 2015 సవరణ పిమ్మట అర్జీ వేసినంతనే అమలు నిలువదు. స్టే వేరుగ కోరవలెను. తీర్పు గెలిచిన కంపెనీకి మాత్రము ముంబయితో పనిలేదు. ఆస్తి యున్నచోటనే నేరుగ అమలు కోరవచ్చునని 2018లో సుందరం ఫైనాన్స్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు నిర్ణయించినది. అనగా భూమి జప్తునకు వనపర్తి కోర్టు; మొర పెట్టుకొనుటకు ముంబయి! చట్టము ఉభయులకు సమానమే, రైలు చార్జీ సమానము కాదు.

వివాదము పుట్టిన పిదప పీఠము మార్చుటకు ఎదుటివారు ఒప్పుకొనవలెను, ఏల యొప్పుకొందురు? కావున తరుణము సంతకమునకు ముందే. అచ్చు కాగితము మారదని ఏజెంటు చెప్పును. మారును. ఊరి పేరు కొట్టివేసి 'పీఠము వనపర్తి' యని వ్రాసి ఉభయులును చేవ్రాలు చేసిన చాలును. అది పొసగనిచో హైదరాబాదు కోరవలెను. అచ్చట 2021 డిసెంబరులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రము వెలసినది. అయితే కేంద్రము పేరు వ్రాసి యూరకుండరాదు. పీఠము హైదరాబాదని వేరుగ వ్రాయించి, నకలొకటి వెంటనే ఇంటికి తెచ్చుకొనవలెను.