మీకు తెలుసా? 44, 46 కలిస్తే నిక్కమైన మూల!

టేకు అడవుల నడుమ ఉన్న భూపాలపల్లిలో ఫొటో ఫ్రేమైనా, తలుపు బీడింగైనా వడ్లాయన పనితనం మూలలోనే తెలుస్తుంది. నాలుగు మూలల ఫ్రేముకు 45 డిగ్రీల కోతలు 8. ప్రతి కోతా అర డిగ్రీ ఒకే వైపు తప్పితే, చివరి మూలలో 4 డిగ్రీల సందు తేలుతుంది.

అందుకే రంపం కోత తర్వాత, పలకపై అడ్డుకట్టె బిగించి, ముక్కను దానికి ఆనించి, చిత్రికను పక్కకు పడుకోబెట్టి తోస్తారు. బ్లేడు చిత్రిక అడుగు కన్నా సన్నం కాబట్టి పలక అంచు అరగదు. టేకు కొస మాత్రం పల్చటి పొరలుగా లేస్తుంది.

ఎంత చక్కని ఉపాయమో చూడండి: అడ్డుకట్టె 90 డిగ్రీల ముక్కోణమైతే, ఒక డిగ్రీ వంకరగా బిగిసినా నష్టం లేదు. ఒక ముక్కను ఎడమవైపు, దాని జతను కుడివైపు చిత్రిక పడితే 44, 46 వస్తాయి. కలిపితే సరిగ్గా 90. ఆ ముక్కోణం మూలను మాత్రం ముందే మూలమట్టంతో సరిచూసుకోవాలి.