ఐరిష్ స్త్రీవాచకము ‘బ్యాన్’: జని, గ్నా శబ్దములతో దాని సంబంధము

ఐరిష్ భాషలో ‘స్త్రీ’ అను నర్థమున ప్రథమైకవచనము ‘బ్యాన్’. షష్ఠ్యేకవచనమును ప్రథమా బహువచనమును ‘మ్నా’. షష్ఠీ బహువచనము ‘బన్’. ఇవి వేర్వేరు శబ్దములని తోచును గాని మూలమొక్కటియే. మూల ఇండో-యూరోపీయ భాషలో దీని మొదటి హల్లు కంఠమునను ఓష్ఠములందును ఒక్కమారే పుట్టు ‘గ్వ’కారము. కెల్టిక్ శాఖలో అది బకారమైనది. దాని తరువాత అచ్చు నిలిచినచోట ప్రాచీన ఐరిష్ ‘బెన్’ ఏర్పడెను. అచ్చు లోపించినచోట ‘బ్నా’ ఏర్పడి, చేరువనున్న నకారముచే బకారము అనునాసికమై ‘మ్నా’ అయ్యెను.

అచ్చు నిలుచుట, లోపించుట వేదభాషయందును కలదు. అచ్చుగల రూపము ‘జని’, అచ్చు లేనిది ‘గ్నా’. ఋగ్వేదమునందలి ‘గ్నాస్పతి’ సమాసములో నిలిచిన ‘గ్నాస్’ ప్రాచీన షష్ఠ్యేకవచనము. ‘మ్నా’ యొక్క పూర్వరూపమునకు ఇది సరిజోడు.

భారతీయ వ్యాకరణ సంప్రదాయము ‘జని’ని జననార్థక ‘జన్’ ధాతువునుండి సాధించును. కనునది కనుక జని యనుట వినసొంపైన మాటయే. సంస్కృతమును మాత్రమే చూచినచో దానిని కాదనుటకు ఆధారము దొరకదు. ఏలయన ‘గ్వ’కారమును, జననధాతువునందలి వేరొక గకారమును సంస్కృతమున జకారమందే కలిసిపోయినవి. ఐరిష్ వానిని కలియనీయలేదు. ప్రాచీన ఐరిష్‌లో జన్మవాచకము ‘గెన్’, స్త్రీవాచకము ‘బెన్’. రెండును ఒకే ధాతువున పుట్టినవైనచో మొదటి హల్లు ఇట్లు భేదించి యుండదు. అవెస్తాలోను ఈ రెంటికి హల్భేదము కలదు. కావున ప్రసవమునుబట్టి స్త్రీకి ఈ పేరు కలిగెననుట నిలువదు. యాస్కుడు ‘గ్నా’ శబ్దమును గమనార్థక ధాతువుతో ముడిపెట్టెనే గాని జననముతో కాదనుట గమనింపదగినది. ఉర్దూ ద్వారా తెలుగునకు వచ్చిన ‘జనానా’ పారసీక స్త్రీవాచకము ‘జన్’ నుండి పుట్టినది. అదియు జనికే బంధువు, జననమునకు కాదు.

నేటి ఐరిష్‌లో నిర్దేశకపదము చేరినపుడు ఆది హల్లు మారును. ‘బ్యాన్’ స్త్రీలింగము గనుక ‘అన్ వ్యాన్’ అగును. షష్ఠీ బహువచనము ‘నా మన్’. వ్రాతలో బకారము నిలిచినను పలుకునది మకారమే. 1914లో స్థాపితమైన స్త్రీసంఘము ‘కుమన్ నా మన్’ పేరులో నున్నది ఈ రూపమే. ‘నా మ్నా’ మాత్రము ‘ఆ స్త్రీ యొక్క’ అనియు, ‘ఆ స్త్రీలు’ అనియు అర్థమిచ్చును, సందర్భమే శరణ్యము. బాలికను తెలుపు ‘కలీన్’ పుంలింగమగుట మరియొక విశేషము. ‘దార’ శబ్దమును పుంలింగమున, ‘కళత్ర’ శబ్దమును నపుంసకమున చదివినవారికి ఇది వింత గాదు.

కొనాక్ట్, అల్‌స్టర్ ప్రాంతములలో ‘మ్నా’ను ‘మ్రా’ అని పలుకుదురు. మన్‌స్టర్‌లో నకారమే నిలిచినది.