వైఫై వాకిట్ల కావలోడు

మొన్న రైల్వే స్టేషన్ల ఓ పిల్ల ల్యాప్‌టాప్ పట్టుకొని నన్నడిగింది: "అన్నా, వైఫై గుర్తు నిండుగ ఉన్నది, నెట్టు వస్తలేదు. నౌకరి ఫారానికి ఇయ్యాల్నే ఆఖరు."

నేను కంప్యూటర్ సదువు సదువుకున్నోణ్ని కాదు. పది మందిని అడిగి, పదిసార్లు చెడగొట్టి నేర్చుకున్న. నాకు తెలిసింది చెప్త.

ఉచిత వైఫై తలుపు తెరిచిన ఇల్లే, కాని వాకిట్ల కావలోడు ఉంటడు. కనెక్ట్ కాంగనే మన మిషను మనకు తెల్వకుంట ఒక చిన్న పేజీ అడుగుతది. జవాబు ఎట్లుండాల్నో దానికి ముందే ఎరుక. విండోస్‌కు 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అన్న ముక్క రావాలె. ఐఫోన్‌కు 'సక్సెస్' అన్న మాట. ఆండ్రాయిడ్‌కు 204 అనే నంబరు, అంటే 'నీ మాట అందింది, పంపేదేం లేదు' అని. అదే వస్తే దారి సాఫ్. బదులుగ ఇంకో పేజీ వస్తే నడుమ ఎవరో ఆపిండ్రన్నట్టు. అప్పుడు లాగిన్ పేజీ మన ముందల పెడ్తది.

ఈ ప్రశ్న తాళం లేని హెచ్‌టీటీపీ మీద పోతది. తాళమున్న హెచ్‌టీటీపీఎస్‌ల నడుమోడు తన పేజీ జొప్పిస్తే సర్టిఫికెట్ కలువది, బ్రౌజర్ మొత్తుకుంటది. లాగిన్ జాడ నెట్‌వర్కే ముందుగాల చెప్పే పద్ధతి 2020ల ఆర్‌ఎఫ్‌సీ 8910 పేరుతోని వచ్చింది గని, పాత పద్ధతి పోలేదు.

ఆ పిల్ల ల్యాప్‌టాప్ల వీపీఎన్ నడుస్తున్నది. అది తన దారి తప్ప వేరే దారి పోనియ్యది. లాగిన్ గానిదే దాని దారి తెరువది. రెండూ ఒకదాన్నొకటి ఆపి కూసున్నయి. వీపీఎన్ కాసేపు బంద్ చేయించిన. పేజీ వచ్చింది, ఫోనుకు ఓటీపీ వచ్చింది, ఫారం పోయింది.

కాని యాదుంచుకోండ్రి. అసలు వైఫై పేరే పెట్టి ఎవడైనా దొంగ వైఫై నడపొచ్చు. ఆ పేజీ బ్యాంకు పిన్ను అడిగితే అక్కడ్నే వదిలెయ్యిండ్రి. సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే దాటిపోకండ్రి.

వైఫై పెట్టినోళ్లకూ ఒక మాట. 'ఉచితం' అన్న బోర్డు పక్కన, మా నంబరు ఎందుకు తీస్కుంటున్నరు, ఎన్ని దినాలు దాస్తరు అన్నది తెలుగుల రాసిపెట్టుండ్రి. కావలోడు మా పేరడిగినప్పుడు, వానిదేం పేరో అడిగే హక్కు మాకూ ఉన్నది.